నల్ల అద్దంలోంచి తెల్ల చెట్టు

ఒక గుండ్రటి అద్దం ముక్క ఉంది. బొగ్గులా నల్లగా ఉంటుంది. కంటికి అడ్డం పెట్టుకుంటే ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా కనబడడు. దీన్ని కెమేరా కటకం ముందు బిగించి వేపచెట్టును ఫోటో తీస్తామంటే ఎవరైనా నవ్వుతారు. కళ్లకు గంతలు కట్టుకుని దారి వెతుకుతారా అని అడుగుతారు.

కాని తగిన ఫిల్ము వేసి మంచి ఎండలో తీసి చూడండి, బొమ్మ వస్తుంది! ఆ బొమ్మలో ఆకాశం అమావాస్య రాత్రిలా నల్లగా ఉంటుంది. చెరువు నీళ్లు సిరా పోసినట్లుంటాయి. వేపచెట్టు మాత్రం పత్తికాయ విచ్చుకున్నట్లు తెల్లగా మెరుస్తుంటుంది. దీన్నే పరారుణ ఛాయాచిత్రం అంటారు.

ఈ నల్ల అద్దాన్ని ఫిల్టరు అంటాం. ఇవి ఒక రకం కావు. ఎర్రనివి, ముదురు ఎర్రనివి, పూర్తిగా నల్లనివి ఉన్నాయి. నల్లవాటిలోనే మళ్లీ నాలుగైదు రకాలు. వీటిలో ఏది ఎంచుకోవాలి? తప్పుడు ఫిల్టరు పెడితే ముప్ఫయి ఆరు ఫోటోల చుట్టలో ఒక్క బొమ్మ కూడా పడదు. సరైనది పెడితే ఆకాశంలోంచే కొబ్బరిచెట్టు రోగాన్ని పట్టుకోవచ్చు. మన దేశంలో అలా పట్టుకున్నారు కూడా. ఈ ఎంపికకు కావలసిన సైన్సు చాలావరకు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. అదెలాగో చూద్దాం రండి.

ఎరుపు దాటిన తరువాత

సూర్యకాంతిని పట్టకంలోంచి పంపితే ఊదా మొదలు ఎరుపు దాకా రంగులు విడిపోతాయని మీకు తెలుసు. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లాండులో ఈ రంగుల్లో ఒక్కొక్కదానిలో ఒక్కొక్క ఉష్ణమాపకం పెట్టి చూశాడు. ఎరుపు దాటిన తరువాత, కంటికి ఏమీ కనబడని చోట కూడా పాదరసం పైకి పాకింది! ఎరుపుకు అవతల కూడా ఏవో కిరణాలున్నాయన్నమాట. అవే పరారుణ కిరణాలు.

కాంతి తరంగాల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన కంటికి కనబడే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. 400 దగ్గర ఊదా, 700 దగ్గర ఎరుపు. 700 దాటితే పరారుణం.

తొమ్మిదో తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు తప్పకుండా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "పరారుణమంటే వేడి కదా మాస్టారూ! అయితే ఈ ఫిల్ముతో చీకట్లో దొంగను ఫోటో తీయొచ్చా?" తీయలేం. మన శరీరం కూడా పరారుణ కిరణాలను వెలువరిస్తుంది, నిజమే. కాని వాటి తరంగదైర్ఘ్యం 10,000 నానోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. ఫోటో ఫిల్ముల చూపు దాదాపు 900 దాటదు. అంటే ఫిల్ము చూసేది వేడిని కాదు. సూర్యుడి నుంచి వచ్చి, వస్తువుల మీద పడి, తిరిగి వచ్చే పరారుణ కాంతినే. ఎరుపుకు గడప అవతలే ఉన్న కాంతి అది.

చెట్టు ఎందుకు తెల్లబడింది?

ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను పీల్చుకుని ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. అందుకే ఆకు మనకు పచ్చగా కనబడుతుంది. 700 నానోమీటర్ల దగ్గర కథ మారిపోతుంది. ఆపై కాంతిని పత్రహరితం దాదాపు పీల్చుకోదు. పరారుణ కాంతికి పత్రహరితం గాజులాంటిదే.

గాజులాంటిదైతే కాంతి ఆకులోంచి నేరుగా అవతలికి పోవాలి కదా, వెనక్కి ఎందుకు వస్తుంది? ఒక ఉప్పురాయిని వెలుతురుకు పెట్టి చూడండి, కాంతి లోపలికి పోతుంది. దాన్నే మెత్తగా దంచండి, తెల్లని పొడి అవుతుంది. పొడిలోని వేల చిన్న ముఖాల మీద కాంతి అటూ ఇటూ ఎగిరి వెనక్కి వస్తుంది కాబట్టే ఆ తెలుపు. ఆకు లోపల కూడా అంతే. అక్కడ నీటితో నిండిన కణాలు, వాటి మధ్య గాలి గదులు ఉంటాయి. పరారుణ కాంతి వాటి మధ్య ఎగిరెగిరి, దాదాపు సగం వెనక్కి వచ్చేస్తుంది. ఆకుపచ్చ కాంతిలో వెనక్కి వచ్చేది ఇందులో మూడో వంతు కూడా ఉండదు. అందుకే ఫిల్ము మీద ఆకులు తెల్లబడతాయి. దీన్ని ఉడ్ ప్రభావం అంటారు. ఉడ్ అంటే ఇక్కడ కట్టె కాదు. 1910లో మొట్టమొదట ఇలాంటి ప్రకృతి దృశ్యాల ఫోటోలు ప్రచురించిన అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్ ఉడ్ పేరు అది.

ఇక ఆకాశం సంగతి. గాలి అణువులు కాంతిని చెదరగొట్టే శక్తి తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. 400 నానోమీటర్ల కాంతితో పోలిస్తే 800 నానోమీటర్ల కాంతి పొడవు రెట్టింపు. రెండు నాలుగో ఘాతం పదహారు. అంటే పరారుణం పదహారో వంతే చెదురుతుంది. చెదిరి వచ్చే కాంతి లేకపోతే ఆకాశానికి వెలుగెక్కడిది? అందుకే నలుపు. దూరపు కొండల మీది పలచని మసక కూడా ఇదే కారణంగా ఫోటోలో చాలావరకు తొలగిపోతుంది. నీరు పరారుణాన్ని పీల్చుకుంటుంది. పైగా అందులో ప్రతిబింబించే ఆకాశమే నల్లనిది. అందుకే చెరువూ నల్లబడుతుంది.

ఫిల్ముకు చూపు ఎంతవరకు?

ఫిల్ము మీద ఉండే సిల్వర్ బ్రోమైడు వంటి లవణాలకు స్వతహాగా నీలం, ఊదా, అతినీలలోహిత కాంతులే తెలుస్తాయి. ఎరుపు వాటికి చీకటితో సమానం. 1873లో జర్మనీకి చెందిన హెర్మన్ ఫోగెల్ ఒక సంగతి కనిపెట్టాడు. ఈ లవణాలకు కొన్ని రంగుద్రవ్యాలు చేర్చితే, ఆ ద్రవ్యాలు పీల్చుకునే కాంతికి కూడా ఫిల్ము స్పందిస్తుంది. తరువాతి కాలంలో సయనిన్ జాతి రంగుద్రవ్యాలతో ఫిల్ము చూపు ఎరుపు దాటి పరారుణంలోకి పాకింది.

అన్ని పరారుణ ఫిల్ములూ ఒకే దూరం చూడవు. ఇది బాగా గుర్తుంచుకోవలసిన మాట. కొడాక్ హైస్పీడ్ ఇన్‌ఫ్రారెడ్ అనే పేరుగల ఫిల్ము సుమారు 900 నానోమీటర్ల దాకా చూసేది. దాని తయారీ 2007లో ఆగిపోయింది. రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 ఫిల్ము హద్దు సుమారు 820. ఇల్ఫర్డ్ ఎస్ఎఫ్ఎక్స్ 200 ఫిల్ము హద్దు 740 మాత్రమే. అది గడప దాటి ఒక అడుగు వేసి ఆగిపోతుందన్నమాట.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. రంగుద్రవ్యం చేర్చినంత మాత్రాన ఫిల్ము తన పాత చూపును మరిచిపోదు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు అన్నీ దానికి కనబడుతూనే ఉంటాయి. పైగా వాటికే ఎక్కువ స్పందిస్తుంది. ఏ ఫిల్టరూ లేకుండా ఫోటో తీస్తే మామూలు నలుపు తెలుపు బొమ్మే వస్తుంది. సంతలో గట్టిగా అరిచేవాళ్ల మధ్య మెల్లగా మాట్లాడేవాడి మాట వినబడనట్లు, కనబడే కాంతి మధ్య పరారుణం మునిగిపోతుంది.

జల్లెడ పని

మీ ఇంట్లో అమ్మ పిండి జల్లించడం చూశారు కదా! జల్లెడ పిండిని తయారుచేయదు, అక్కర్లేనిదాన్ని ఆపుతుంది, అంతే. ఫిల్టరు కూడా పరారుణాన్ని పుట్టించదు. పొట్టి తరంగాలను ఆపి, పొడుగు తరంగాలను పోనిస్తుంది. ఎక్కడి నుంచి పోనిస్తుందనేదే ఒక ఫిల్టరుకూ మరొకదానికీ ఉన్న తేడా.

ఇంగ్లాండులో ఫోటో సామగ్రి తయారుచేసిన ఫ్రెడరిక్ రాటెన్ పేరు మీద ఈ ఫిల్టర్లకు రాటెన్ సంఖ్యలు వాడుకలోకి వచ్చాయి. ఆయన సంస్థను 1912లో కొడాక్ కొన్నది. సగం కాంతి ఫిల్టరు దాటి పోయే తరంగదైర్ఘ్యాన్ని దాని ఆరంభంగా తీసుకుంటే, లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

రాటెన్ 25 (ఎరుపు) — 600 నానోమీటర్లు
రాటెన్ 29 (ముదురు ఎరుపు) — 620
రాటెన్ 89బి (దాదాపు నలుపు) — 720
రాటెన్ 88ఎ (నలుపు) — 750
రాటెన్ 87 (నలుపు) — 795
రాటెన్ 87సి (నలుపు) — 850

హోయా ఆర్72 అనే పేరుతో అమ్మే ఫిల్టరు 89బికి దగ్గరి చుట్టం. జర్మనీలో తయారయ్యే షాట్ గాజుల్లో ఆర్‌జి 715, ఆర్‌జి 830 వంటి పేర్లుంటాయి. ఆ పేరులోని అంకెలే ఆరంభాన్ని చెప్పేస్తాయి. ఈ ఆరంభం గోడలా నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది. 720 ఫిల్టరు 700 దగ్గర కూడా కొద్దిగా కాంతిని పోనిస్తుంది.

ఇప్పుడు అసలు సూత్రం చూడండి. ఫిల్టరు ఒక తలుపు తెరుస్తుంది. ఫిల్ము ఒక తలుపు మూస్తుంది. తెరిచిన చోటికీ మూసిన చోటికీ మధ్య ఉన్న కిటికీలోంచే బొమ్మ వస్తుంది.

కిటికీ వెడల్పు = ఫిల్ము హద్దు − ఫిల్టరు ఆరంభం

రోలై ఫిల్ముకు 720 ఫిల్టరు పెడితే 820 − 720 = 100 నానోమీటర్ల కిటికీ. బొమ్మ చక్కగా వస్తుంది. అదే ఫిల్ముకు 87సి పెడితే? 820 − 850. సమాధానం సున్నా కన్నా తక్కువ! ఫిల్టరు తలుపు తెరిచేసరికి ఫిల్ము నిద్రపోయింది. ఎంతసేపు షట్టరు తెరిచి ఉంచినా బొమ్మ రాదు. ఇల్ఫర్డ్ ఫిల్ముకు 87 పెట్టినా ఇంతే, 740 − 795. దానికి 720 ఫిల్టరు పెడితే 20 నానోమీటర్ల సందు మిగులుతుంది. వాలులోంచి వచ్చే కొద్దిపాటి కాంతి కూడా తోడవుతుంది. ఎక్కువసేపు తీస్తే బొమ్మ వస్తుంది గాని, చెట్టు రోలై ఫిల్ములో అంత తెల్లబడదు.

"ఖరీదు ఎక్కువ, నలుపు ఎక్కువ కాబట్టి 87సి మంచిది" అనుకునేవాళ్లు ఈ ఒక్క తీసివేత లెక్క చేసుకుంటే చాలు, డబ్బూ ఫిల్మూ మిగులుతాయి.

పాత పుస్తకం మాట, కొత్త ఫిల్ము తీరు

గ్రంథాలయంలో దొరికే పాత ఫోటోగ్రఫీ పుస్తకాలు చాలావరకు, పరారుణ ఫిల్ముకు రాటెన్ 25 ఎర్ర ఫిల్టరు చాలునంటాయి. ఆ సలహా తప్పు కాదు. కాని అది ఏ ఫిల్ము కోసం రాసిందో చూడాలి.

కొడాక్ పాత ఫిల్ముకు 25 పెడితే కిటికీ 600 నుంచి 900 దాకా. అందులో కనబడే ఎరుపు 100, పరారుణం 200. ఆ ఫిల్ముకు పరారుణం మీద చూపు బలంగా ఉండేది కాబట్టి చెట్లు తెల్లబడేవి. పైగా కెమేరా కంటిలోంచి చూస్తే ఎర్ర ఫిల్టరు గుండా దృశ్యం కనబడేది. నడిచే మనిషిని కూడా చేత్తో పట్టుకునే తీయగలిగేవారు.

రోలై ఫిల్ముకు అదే 25 పెడితే కిటికీ 600 నుంచి 820 దాకా. ఎరుపు 100, పరారుణం 120. అంకెల్లో పరారుణమే కొంచెం ఎక్కువ. కాని ఈ ఫిల్ము ఎరుపుకు స్పందించినంతగా పరారుణానికి స్పందించదు. ఎరుపు కాంతిలో ఆకు ఎలా ఉంటుంది? పత్రహరితం ఎరుపును పీల్చుకుంటుంది కనుక నల్లగా! పరారుణంలో తెల్లగా! నలుపూ తెలుపూ కలిస్తే బూడిద రంగే. "ఏం పరారుణమండీ, మామూలు బొమ్మలాగే ఉంది" అని నిరుత్సాహపడేది ఇలాంటి చోటే. ఈ ఫిల్ముకు కనబడే ఎరుపును దాదాపు పూర్తిగా ఆపే 720 ఫిల్టరే తగినది.

కాబట్టి ఫిల్టరు కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నా ఫిల్ము హద్దు ఎంత? నాకు పూర్తి పరారుణం కావాలా, ఎరుపు కలిసినా ఫరవాలేదా? నేను తీసేది కదలనిదా, కదిలేదా? మొదటి ప్రశ్నకు జవాబు ఫిల్ము తయారీదారు ఇచ్చే పత్రంలో గ్రాఫు రూపంలో ఉంటుంది. గ్రాఫు చదవడం ఎందుకు నేర్పుతారో ఇక్కడ తెలుస్తుంది.

మరో చిన్న విషయం. ఫిల్టర్లు గాజువీ ఉంటాయి, పలచని జెలటిన్ రేకులవీ ఉంటాయి. జెలటిన్ చవక, కాని వేలిముద్రలకూ తేమకూ పాడవుతుంది. వానాకాలపు ఉక్కలో దాన్ని కాపాడటం కష్టం. గాజుదైతే తుడుచుకోవచ్చు. ఫిల్టరు వ్యాసం కటకం ముందు మరకు సరిపోవాలి. 49, 52, 58 మిల్లీమీటర్లు వంటి ఆ కొలత సాధారణంగా కటకం ముందు అంచునే రాసి ఉంటుంది.

ప్రయోగశాల అలమరలో ఫిల్టరు

బజారులో ఫిల్టర్లు దొరకని రోజుల్లో ఉడ్ ఏం చేశాడు? ముదురు నీలపు కోబాల్టు గాజు ఒకటి, పొటాషియం డైక్రోమేటు ద్రావణం ఒకటి తీసుకున్నాడు. మీ పాఠశాల రసాయన అలమరలో ఈ రెండూ ఉండే అవకాశం ఉంది!

కోబాల్టు గాజు నీలాన్ని పోనిస్తుంది, పసుపు, నారింజ, ఎరుపుల్లో చాలా భాగాన్ని ఆపుతుంది, మళ్లీ ముదురు ఎరుపు చివర నుంచి పరారుణాన్ని పోనిస్తుంది. నారింజ రంగు డైక్రోమేటు ద్రావణం నీలాన్ని ఆపుతుంది. ఒకటి పోనిచ్చినదాన్ని రెండోది ఆపగా, రెండూ పోనిచ్చేది ముదురు ఎరుపు చివర, దాని అవతలి పరారుణం మాత్రమే. రెండు జల్లెడలతో ఒక పని! అప్పటి ఫిల్ముల చూపు మందం కాబట్టి ఆయన మంచి ఎండలో కూడా నిమిషాల తరబడి కెమేరా కన్ను తెరిచి ఉంచవలసి వచ్చింది.

ఫిల్టరు బిగించాక

నల్ల ఫిల్టరు బిగించాక కెమేరాలోంచి మీకేమీ కనబడదు. అందుకని ముందు కెమేరాను ముక్కాలి పీట మీద నిలిపి, దృశ్యం సరిచూసుకుని, ఆ తరువాతే ఫిల్టరు బిగించాలి.

పరారుణ కిరణాలు కటకంలో ఎరుపు కన్నా తక్కువగా వంగుతాయి. కనుక అవి కలిసే చోటు కాస్త వెనక్కి జరుగుతుంది. కంటితో సరిచేసిన స్పష్టత ఫిల్ము మీద సరిపోదు. పాత కటకాల దూరపు వలయం పక్కన ఒక చిన్న ఎర్ర గీతో, చుక్కో, ఆర్ అనే అక్షరమో ఉంటుంది. ముందు మామూలుగా స్పష్టత సరిచేసి, అప్పుడు వచ్చిన దూరపు అంకెను ఈ ఎర్ర గుర్తు ఎదుటికి జరపాలి. ఎఫ్11, ఎఫ్16 వంటి చిన్న ద్వారం వాడితే మిగిలిన కొద్ది తేడా కూడా సర్దుకుంటుంది.

ఎంతసేపు తీయాలి? కాంతిమాపకాలు కనబడే కాంతిని కొలవడానికి తయారైనవి, ఇక్కడ వాటిని నమ్మలేం. లెక్క మనమే వేయాలి. 400 వేగం గల ఫిల్ముకు మంచి ఎండలో, ఫిల్టరు లేకుండా, ఎఫ్16 దగ్గర సెకనులో 400వ వంతు చాలు. రోలై ఫిల్ముకు 720 ఫిల్టరు పెడితే సుమారు అయిదు మెట్లు పెంచాలి. ఒక్కో మెట్టు రెట్టింపు కాబట్టి 2 × 2 × 2 × 2 × 2 = 32 రెట్లు. 400ను 32తో భాగిస్తే పన్నెండున్నర. అంటే ఎఫ్16 దగ్గర సెకనులో సుమారు 12వ వంతు, ఎఫ్8 దగ్గర 50వ వంతు. ఉదయం, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు పరారుణం పాలు మారుతుంది కనుక ఒకే దృశ్యాన్ని మెట్టు తక్కువ, సరిగ్గా, మెట్టు ఎక్కువ అని మూడుసార్లు తీయడం మంచిది.

ఫిల్మును కెమేరాలో వేసేటప్పుడు ఎండలో నిలబడవద్దు. కొడాక్ పాత ఫిల్మునైతే పూర్తి చీకట్లోనే వేయాల్సి వచ్చేది. రోలై ఫిల్ముకు గది లోపలి నీడ చాలు. 1990లలో వచ్చిన కొన్ని ఆటోమేటిక్ కెమేరాల్లో ఫిల్ము రంధ్రాలు లెక్కపెట్టడానికి లోపల పరారుణ దీపం ఉంటుంది. ఆ కెమేరా తన దీపంతో తానే ఇలాంటి ఫిల్మును పాడుచేసుకుంటుంది!

కొబ్బరిచెట్లూ పసుపు ఫిల్టరూ

ఇంతవరకూ చెప్పిందంతా నలుపు తెలుపు ఫిల్ము గురించి. రంగుల పరారుణ ఫిల్ము కూడా ఉండేది. దానికి నల్ల ఫిల్టరు పెడతారనుకుంటున్నారా? కాదు, పసుపు ఫిల్టరు!

మామూలు రంగుల ఫిల్ములో నీలం, ఆకుపచ్చ, ఎరుపు చూసే మూడు పొరలుంటాయి. పరారుణ రంగుల ఫిల్ములో ఆ మూడు పొరలూ ఆకుపచ్చ, ఎరుపు, పరారుణం చూస్తాయి. ఫోటోలో ఆకుపచ్చ నీలంగా, ఎరుపు ఆకుపచ్చగా, పరారుణం ఎరుపుగా కనబడతాయి. ఇందులో అక్కర్లేనిది నీలం ఒక్కటే. కాని మూడు పొరలకూ నీలం తెలుస్తుంది. దాన్ని ఆపకపోతే బొమ్మంతా చెడుతుంది. నీలాన్ని ఆపి మిగతావాటిని పోనిచ్చేది పసుపు ఫిల్టరు, రాటెన్ 12. నల్ల ఫిల్టరు పెడితే ఆకుపచ్చ, ఎరుపు కూడా ఆగిపోయి, పోల్చి చూడటానికి ఏ రంగూ మిగలదు.

ఈ ఫిల్ములో ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఎర్రగా వెలుగుతుంది. ఆకు లోపలి కణాలు, గాలి గదులు దెబ్బతిన్న చెట్టు పరారుణాన్ని అంతగా తిప్పికొట్టలేదు. అప్పుడు దాని ఎరుపు మందగిస్తుంది. కంటికి ఇంకా పచ్చగానే తోచే దశలో కూడా ఈ తేడా కొన్నిసార్లు బయటపడుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఈ రకం ఫిల్మును శత్రువుల మాటుగాళ్ల కోసం వాడారు. ఆకుపచ్చ రంగు పూసిన గుడ్డ కంటిని మోసగించగలదు గాని, ఆకులా పరారుణాన్ని తిప్పికొట్టలేదు కదా!

మన దేశంలో దీన్ని మరో పనికి వాడారు. కేరళలో కొబ్బరితోటలను వేరు వాడుతెగులు చాలాకాలంగా పీడిస్తోంది. కొబ్బరి మీద బతికే కుటుంబాలకు ఒక్కో చెట్టు ఒక్కో జీవనాధారం. ప్రతి చెట్టూ ఎక్కి చూడటం అయ్యే పనేనా? 1970లో ప్రొఫెసర్ పిషారోత్ రామ పిషారోటి నాయకత్వంలో శాస్త్రజ్ఞులు ఆ తోటలను ఆకాశం నుంచి పరారుణ రంగుల ఫిల్ముతో ఫోటోలు తీశారు. తెగులు సోకిన చెట్ల తలలు ఆరోగ్యమైన చెట్ల మధ్య వేరుగా కనబడ్డాయి. భారతదేశంలో రిమోట్ సెన్సింగ్‌కు ఇదే నాంది అని చెబుతారు.

ఆ దారిలోనే 1974లో హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పడింది. 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహం ఆకాశానికి వెళ్లింది. దాని కెమేరాల్లో ఫిల్ము లేదు, కాంతిని విద్యుత్తుగా మార్చే పరికరాలున్నాయి. కాని ఫిల్టర్ల అవసరం తీరిందా? లేదు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పరారుణం అనే నాలుగు పట్టీలను వేరుచేయాలంటే ఫిల్టర్లు కావలసిందే. నాలుగో పట్టీ 770 నుంచి 860 నానోమీటర్ల వరకు. అంటే ఆకులు తెల్లబడే చోటే! ఉపగ్రహ చిత్రాల్లో వరిపొలాలు ఎర్రగా ఉండటం మీరు చూసి ఉంటే, ఆ ఎరుపు ఎక్కడిదో ఇప్పుడు మీకు తెలిసింది.

చేసి చూడండి

ఒకటి: మీ ఉపాధ్యాయుడి అనుమతితో ప్రయోగశాలలోని కోబాల్టు గాజు తీసుకోండి. దానికి నారింజ రంగు సెల్లోఫేను కాగితం జతచేసి, ఎండ పడుతున్న చెట్టును చూడండి. ఆకులు ఎరుపు ఛాయలోకి తిరగడం గమనించండి. పక్కనే ఆకుపచ్చ రంగు వేసిన తలుపు ఉంటే రెండూ పోల్చండి. డైక్రోమేటు విషపదార్థం, దాన్ని ముట్టవద్దు. ఈ పనికి కాగితం చాలు.

రెండు: టీవీ రిమోట్ ముందు భాగాన్ని సెల్‌ఫోను కెమేరా వైపు తిప్పి మీట నొక్కండి. కంటికి కనబడని దీపం కొన్ని ఫోన్ల తెర మీద మినుకుమంటుంది. వెనక కెమేరాలో కనబడకపోతే ముందు కెమేరాతో చూడండి. కనబడని ఫోన్లలో పరారుణాన్ని ఆపే ఫిల్టరు గట్టిగా పనిచేస్తోందన్నమాట.

ఒక హెచ్చరిక: నల్ల ఫిల్టరులోంచి, కోబాల్టు గాజులోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి. గ్రహణం నాడు కూడా చూడకండి. చీకటిగా తోచడం వల్ల కనుపాప పెద్దదవుతుంది. ఫిల్టరు ఆపని పరారుణం నేరుగా లోపలికి పోయి రెటీనాను కాలుస్తుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి జరిగిన నష్టం వెంటనే తెలియదు.

ఇక మీకో లెక్క. టీవీ రిమోట్లలో సాధారణంగా 940 నానోమీటర్ల పరారుణ దీపం ఉంటుంది. చీకటి గదిలో ఆ దీపపు వెలుగుతోనే ఒక పుస్తకాన్ని ఫోటో తీయాలని మీ స్నేహితుడు రోలై ఫిల్మూ, 720 ఫిల్టరూ తెచ్చాడు. గంటసేపు షట్టరు తెరిచి ఉంచుతానంటున్నాడు. బొమ్మ వస్తుందా? ఫిల్టరును 87సికి మారిస్తే వస్తుందా? ఫిల్ము హద్దు ఎంతో పైన చూసుకుని జవాబు చెప్పండి. మీ స్నేహితుడికి ఒక ఫిల్ము చుట్ట మిగల్చండి.